స్టాన్లీ జోన్స్ బిషప్ అయ్యారా, కాలేదా?

పలమనేరు దగ్గరి మీ సంఘంలో వచ్చే నెల జరిగే యవ్వనస్థుల కూడికలో అమెరికా నుంచి మన దేశానికి వచ్చిన మెథడిస్టు మిషనరీ ఈ. స్టాన్లీ జోన్స్ గారి జీవితం మీద అరగంట మాట్లాడవలసి ఉందని రాశారు. చదివిన వాటిలో కొన్ని ఆయనను ‘బిషప్’ అంటుంటే మరికొన్ని వినయం కొద్దీ ఆ పదవిని కాదన్నారని చెబుతున్నాయని, ఇందులో ఏది నిజమో తేల్చమని అడిగారు. మెథడిస్టు సంఘంతో పెద్దగా పరిచయం లేని మన చిత్తూరు వైపు వాళ్లకు ఈ అమెరికా దొర కథ ఎందుకని పెద్దలెవరైనా అంటే ఏం చెప్పాలన్నది మీ రెండో సందేహం. నేను చిత్తూరులోనూ తిరుపతిలోనూ కలిపి ముప్ఫై ఏళ్లకు పైగా కళాశాలల్లో చరిత్ర బోధించాను, మన ప్రాంతపు క్రైస్తవ సంఘాల చరిత్రను ఉద్యోగ విరమణ తరువాత కూడా చదువుతూనే ఉన్నాను. అందువల్ల కొంత వివరంగానే రాస్తాను. ఓపికగా చదవండి.

మొదటి సందేహానికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు. ఆయన బిషప్‌గా ఎన్నికయ్యారు కానీ బిషప్ కాలేదు. 1928 మే నెలలో అమెరికాలోని కాన్సస్ సిటీలో జరిగిన మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘపు సర్వసభలో ఆయనను బిషప్‌గా ఎన్నుకున్నారు. ప్రతిష్ఠ జరగకముందే ఆయన రాజీనామా ఇచ్చి, సువార్తికుడిగానే హిందూదేశానికి తిరిగి వచ్చేశారు. వినయం కొద్దీ అన్న మాట దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఆ మాటతో సరిపెట్టుకుంటే ఆయన జీవితంలో అసలు విషయం మనకు అందకుండా పోతుందని నా నమ్మకం. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు మన వైపు సంగతి చూద్దాం. చిత్తూరు చుట్టుపక్కల సంఘాలను నాటినది అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానికి చెందిన ఆర్కాటు మిషన్. స్కడర్ సోదరులు 1853లో దాన్ని స్థాపించినప్పుడు వాళ్ల తొలి కేంద్రాలు వేలూరు, చిత్తూరు, ఆరణి. మదనపల్లెలో జేకబ్ చాంబర్లేన్ గారు వైద్యమూ సువార్త పనీ కలిపి చేశారు. ఈనాటికీ జబ్బు ముదిరితే మనవాళ్లు బస్సెక్కి వెళ్లే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి ఆ స్కడర్ కుటుంబపు ఆడపడుచు ఐడా స్కడర్ గారు 1900లో మొదలుపెట్టినదే. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ 1865 నుంచి పనిచేసింది. ఒక మిషన్ పనిచేస్తున్న చోట మరొక మిషన్ అడుగు పెట్టకూడదన్నది ఆనాడు వాళ్లలో వాళ్లు పాటించిన కట్టుబాటు. మెథడిస్టులు మన జిల్లాలో వేళ్లూనకపోవడానికి ముఖ్య కారణం అదే.

తెలుగు నేల మొత్తం మీద చూస్తే మాత్రం మెథడిస్టులు రెండు పాయలుగా వచ్చారు. ఒక పాయ ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్లది, అంటే మెథడిస్టు మూలపురుషుడు జాన్ వెస్లీ పేరుతో పిలిచే ఇంగ్లండు మెథడిస్టులది. మెదక్‌లో ఛార్ల్స్ వాకర్ పోస్నెట్ గారు కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేయించిన పెద్ద గుడి వాళ్లది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సి.ఎస్.ఐ. అని పిలుచుకునేది, ఏర్పడినప్పుడు ఆ వెస్లియన్లు ఆంగ్లికన్లతోపాటు, అంటే ఇంగ్లండు అధికార సంఘపు శాఖవాళ్లతోపాటు, అందులో కలిశారు. అంతకుముందే దక్షిణ భారత ఐక్య సంఘంలో చేరిన మన ఆర్కాటు మిషన్ సంఘాలు కూడా అప్పుడే అందులోకి వచ్చాయి. రెండో పాయ అమెరికా వాళ్లది. 1856లో బరేలీలో మొదలైన ఆ పని 1870ల తరువాత దక్షిణాదికి పాకి హైదరాబాదు, వికారాబాదు వైపు స్థిరపడింది. వాళ్లు 1947 ఐక్యతలో చేరకుండా విడిగా ఉండిపోయి, 1981 నుంచి మెథడిస్టు చర్చ్ ఇన్ ఇండియా పేరుతో స్వతంత్ర సంఘంగా నడుస్తున్నారు. జోన్స్ గారు ఈ రెండో పాయకు చెందినవారు. మీది సి.ఎస్.ఐ. సంఘమైతే, మీ వంశవృక్షంలో మొదటి పాయ మెథడిస్టులు చిన్నాన్న వరుస అవుతారు, జోన్స్ గారు కొంచెం దూరపు చుట్టం. అందుకని ఆయన మనకు బొత్తిగా పరాయివారేమీ కారు.

ఇప్పుడు బిషప్ పదవి సంగతి. మెథడిస్టులలో బిషప్ అంటే ఏమిటో తెలియకుండా 1928 నాటి రాజీనామాను అర్థం చేసుకోలేము. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1791లో చనిపోయేదాకా ఆంగ్లికన్ గురువుగానే ఉన్నారు, ఎన్నడూ బిషప్ కాలేదు. అమెరికా స్వతంత్రమయ్యాక అక్కడి తన అనుచరులకు బాప్తిస్మం, ప్రభు భోజనం వంటి సంస్కారాలు ఇచ్చే గురువులు కరువయ్యారని 1784లో థామస్ కోక్‌ను సూపరింటెండెంటుగా నియమించి పంపారు, ఫ్రాన్సిస్ ఆస్బరీని కూడా అదే పనికి పేర్కొన్నారు. ఆస్బరీ ఏమన్నారంటే, వెస్లీ గారు నియమిస్తే చాలదు, తోటి బోధకులు ఎన్నుకుంటేనే ఒప్పుకుంటానన్నారు. ఆ క్రిస్మస్ రోజుల్లో బాల్టిమోర్‌లో కూడిన సభ ఆయనను అలాగే ఎన్నుకుంది. కొన్నేళ్లకు అమెరికా వాళ్లు సూపరింటెండెంటు అన్న పేరు మార్చి బిషప్ అని పిలుచుకోవడం మొదలుపెట్టినప్పుడు వెస్లీ మండిపడి 1788లో ఆస్బరీకి ఉత్తరం రాశారు. జనం నన్ను మూర్ఖుడన్నా దుర్మార్గుడన్నా సహిస్తాను గానీ బిషప్ అంటే మాత్రం ఒప్పుకోను అన్నది దాని సారాంశం.

అంత కోపం తెచ్చుకున్నా పేరు నిలిచిపోయింది, కాని పేరు వెనకాల భావం వెస్లీది. మెథడిస్టు పద్ధతిలో గురువుకు డీకన్, ఎల్డర్ అని రెండు అభిషేకాలే ఉంటాయి. బిషప్ అన్నది వాటి పైన మూడో మెట్టు కాదు, ఎల్డర్‌కే అప్పగించిన పర్యవేక్షణ బాధ్యత. కాన్ఫరెన్సుకు, అంటే గురువులూ సంఘ ప్రతినిధులూ కూడే సభకు, అధ్యక్షత వహించడం, ఏ గురువు ఏ ఛార్జికి, అంటే ఏ సంఘాల బాధ్యతకు, వెళ్లాలో నిర్ణయించి చదివి వినిపించడం, ఊరూరా తిరిగి సంఘాలను చూసుకోవడం ఆ బాధ్యతలో భాగాలు. ఆస్బరీ గారికి జీవితాంతం సొంత ఇల్లంటూ లేదు, గుర్రం మీదే బతికారు. బిషప్ గారు అనగానే మనకు అంగీ, చేతికర్ర, కారు ముందు జెండా కళ్ల ముందు మెదులుతాయి గనుక, దాన్ని వదులుకున్నవారు గొప్ప వైభవాన్ని వదులుకున్నట్టు తోస్తుంది. జోన్స్ గారు వదులుకున్నది వైభవాన్ని కాదు, ఒక పనిని. తనకు అప్పటికే అప్పగించిన పని వేరే ఉందని ఆయన లెక్క. ఆ లెక్క ఆయనకు ఎలా కుదిరిందో చూడాలంటే 1928 కన్నా చాలా వెనక్కి పోవాలి.

ఆయన 1884 జనవరి 3న అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో పుట్టారు. పదిహేడో ఏట మారుమనసు పొందారు. తన మొదటి ప్రసంగం ఎలా తయారయిందో ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. దేవుని పక్షాన వాదించే వకీలుగా నిలబడాలన్న పట్టుదలతో, మూడు వారాలు పట్టి ప్రసంగం కంఠతా పట్టారు. చుట్టాలతోనూ స్నేహితులతోనూ గుడి నిండింది. ఆరు వాక్యాలు చెప్పారో లేదో, అంతవరకు ఎన్నడూ వాడని ఒక బరువైన మాట వాడారు. అది విని ముందు వరుసల్లో ఉన్న కాలేజీ పిల్ల ఒకతె నవ్వి తలవంచుకుంది. అంతే, కంఠస్థం చేసినదంతా చెదిరిపోయింది. చేతులు నలుపుకుంటూ కాసేపు నిలబడి, మరిచిపోయానని ఒప్పుకుని మెట్లు దిగబోయారు. అప్పుడు లోపల ఒక ప్రశ్న వినిపించిందట, నీకోసం నేను ఏమీ చేయలేదా అని. చేశావు ప్రభువా అన్నారు. అయితే అదే చెప్పరాదా? ఆయన మెట్ల దగ్గరే ఆగి, జనం వైపు తిరిగి, ప్రసంగం చేయడం నాకు రాదని మీకు తెలిసిపోయింది, అయితే క్రీస్తు నా బతుకులో ఏం చేశాడో చెప్పగలను అని నాలుగు ముక్కలు చెప్పారు. కూడిక ముగిశాక ఒక యువకుడు వచ్చి, మీకు దొరికినది నాకూ కావాలన్నాడు.

వకీలుగా ఓడిపోయి సాక్షిగా నిలబడ్డానని ఆయన ఈ సంఘటనను జీవితమంతా తలచుకున్నారు. మన కోర్టు భాష తెలిసిన వాళ్లకు ఈ తేడా విప్పి చెప్పనక్కరలేదు. వకీలు వాదం గెలవాలి, సాక్షి తాను చూసినది చూసినట్టు చెబితే చాలు. ఆయన తరువాతి పద్ధతులన్నీ ఈ మెట్ల మీదే పుట్టాయని నేననుకుంటాను.

కెంటకీలోని ఆస్బరీ కళాశాలలో చదువు ముగించి 1907లో మన దేశానికి వచ్చారు. మొదట లక్నోలో లాల్ బాగ్ ఇంగ్లీషు మెథడిస్టు గుడికి పాస్టరుగా ఉన్నారు. 1911లో మేబెల్ లాసింగ్ గారిని పెళ్లాడారు. ఆ తరువాత సీతాపూర్ చేరి, ఆ చుట్టుపక్కల పల్లెల పనంతా నెత్తిన వేసుకున్నారు. మేబెల్ గారి పేరు మీరు చదివిన వ్యాసాల్లో బహుశా ఒక్క వాక్యంలో ముగిసిపోయి ఉంటుంది. మగపిల్లల బడి నడుపుతూ, వాళ్లకు చదువు చెప్పడానికి ఆడ ఉపాధ్యాయులను పెట్టినవారు ఆమె. ఆ కాలంలో ఆ ప్రాంతంలో అది ఎంత సాహసమో ఊహించుకోండి. భర్త ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్లు తిరుగుతుంటే బడినీ, ఇంటినీ, కూతురు యూనిస్‌నూ చూసుకుంటూ దశాబ్దాల పాటు అక్కడే నిలబడ్డారు. ఆయన బిషప్ పదవిని కాదని తిరిగే జీవితాన్ని ఎంచుకున్నప్పుడు ఆ ఎంపిక బరువులో సగం ఆమె మీద పడింది. మీ ప్రసంగంలో ఆమెకు కనీసం మూడు నిమిషాలు కేటాయించండి.

వచ్చిన ఎనిమిదేళ్లకే ఆయన ఆరోగ్యం కూలిపోయింది. ఒంటికన్నా మనసు ఎక్కువగా అలిసిపోయింది. సెలవు మీద అమెరికా వెళ్లారు, తిరిగి వస్తూ దారిలోనే మళ్లీ పడిపోయారు, ఇక్కడికి వచ్చాక కొండల మీద విశ్రాంతి తీసుకుని కిందికి దిగగానే మళ్లీ అదే పరిస్థితి. ఇక మిషన్ పని మానేసి ఎక్కడైనా పొలం పనిలో కుదురుకుని ఆరోగ్యం బాగుచేసుకోవలసిందే అనుకున్నారు. ఆ దశలో లక్నోలో ఒక రాత్రి ప్రార్థనలో ఉండగా, నేను పిలిచిన పనికి నీవు సిద్ధమేనా అన్న ప్రశ్న ఆయన మనసులో కదిలింది. లేదు ప్రభువా, నా పని అయిపోయింది అని ఆయన నిజం ఒప్పుకున్నారు. ఆ భారం నాకు వదిలి దిగులు మానితే నేను చూసుకుంటాను అన్నది ఆయనకు అందిన జవాబు. బేరం ఇక్కడే కుదిరిపోయింది ప్రభువా అన్నారు. ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా ఆ మనిషి రోజుకు రెండు మూడు ప్రసంగాలు చేస్తూ ఖండాలు తిరిగారు. దీన్ని అద్భుతమంటారో మరేమంటారో మీ ఇష్టం. నేను చరిత్ర విద్యార్థిగా చెప్పగలిగింది ఒకటే. ఆ రాత్రి తరువాత ఆయన తన పని ఏదన్న విషయంలో ఎన్నడూ తడుముకోలేదు.

ఆ పని ఏ రూపం తీసుకోవాలో చూపించింది ఒక హిందూ అధికారి. మీరు ఎప్పుడూ కింది కులాల దగ్గరికే పోతారెందుకు, మా దగ్గరికి రారేమని ఆయన అడిగాడు. మీరు మమ్మల్ని కోరుకోరనుకున్నామని జోన్స్ గారు అంటే, అది పొరపాటు, సరైన తీరున వస్తే మాకూ కావాలి అన్నాడట. ఆ సరైన తీరు ఏమిటన్నదే ఆయన మిగిలిన జీవితం. ఊళ్లో ప్రసంగం పెడితే అధ్యక్షుడిగా ఆ ఊరి పేరున్న హిందువునో ముస్లిమునో కూర్చోబెట్టేవారు. ఎవరి మతాన్నీ విమర్శించబోనని ముందే ప్రకటించేవారు. ప్రసంగం ముగిశాక సభలో ఎవరైనా ఎంత కఠినమైన ప్రశ్నయినా వేయవచ్చు. పాశ్చాత్య నాగరికతనో క్రైస్తవ సంస్థలనో సమర్థించే పని పెట్టుకోకుండా క్రీస్తు గురించి, అదీ తన అనుభవంలోకి వచ్చినంత మేరకే మాట్లాడేవారు. తెల్లవాడి పాలన మీద దేశమంతా ఉడికిపోతున్న ఆ రోజుల్లో ఒక తెల్ల మిషనరీ సభలకు వకీళ్లూ ఉపాధ్యాయులూ విద్యార్థులూ హాలు నిండా వచ్చి కూర్చున్నారంటే కారణం ఈ పద్ధతే.

గాంధీగారితో స్నేహం కూడా ఈ దారిలో ఏర్పడినదే. క్రైస్తవం ఈ దేశంలో పరాయిదిగా కాక ఈ నేల బిడ్డగా బతకాలంటే మేమేం చేయాలని జోన్స్ గారు అడిగితే, గాంధీగారు నాలుగు మాటలు చెప్పారు. క్రైస్తవులందరూ, ముందుగా మిషనరీలు, యేసులాగా బతకడం మొదలుపెట్టాలి. మతాన్ని పలచన చేయకుండా, కల్తీ లేకుండా ఆచరించాలి. ప్రేమకు పెద్దపీట వేయాలి. ఇతర మతాలను సానుభూతితో చదవాలి. ఈ అనుభవాలన్నీ కలిపి 1925లో ఆయన రాసిన ‘ద క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్’ దేశదేశాల్లో లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. సర్వసభ ఆయనను బిషప్‌గా ఎన్నుకోవడానికి ఆ పుస్తకం తెచ్చిన పేరు కూడా ఒక కారణమని అనుకోవడంలో తప్పులేదు.

ఇప్పుడు 1928కి రండి. బిషప్ అయితే ఆయన ఏం చేయవలసి వచ్చేది? కాన్ఫరెన్సులు నడపాలి, గురువుల బదిలీలు చూడాలి, ఆస్తుల తగాదాలు వినాలి, బడులకూ ఆసుపత్రులకూ సొమ్ము సమకూర్చాలి. ఇవన్నీ సంఘానికి అవసరమైన పనులే, ఎవరో ఒకరు చేయవలసినవే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మరుక్షణం ఆయన సాక్షి స్థానం నుంచి కదిలి, ఒక సంస్థ పక్షాన వాదించే వకీలు స్థానంలోకి పోతారు. పదిహేడేళ్ల వయసు దాటిన కొత్తలో మెట్ల మీద ఏ తేడా తెలిసిందో అదే తేడా. అందుకే ఆయన రాజీనామాను నేను వినయం అనను. వినయం అంటే తాను తగననుకోవడం. ఆయన అలా అనుకున్న దాఖలా నాకు ఎక్కడా కనిపించలేదు. తన పని ఏమిటో కచ్చితంగా తెలిసిన మనిషి, ఎంత మంచిదైనా తనది కాని పనిని పక్కన పెట్టాడు.

ఇందుకు బలమైన సాక్ష్యం ఆయన తరువాతి జీవితంలోనే ఉంది. 1930లో నైనీతాల్ జిల్లాలో భీమ్‌తాల్ దగ్గర సాత్‌తాల్ అనే చోట ఆశ్రమం స్థాపించారు. అక్కడ బిరుదులు చెల్లవు. అందరూ సోదరుడు, సోదరి అన్న పిలుపులతోనే పిలుచుకోవాలి, ఆయన కూడా అందరికీ బ్రదర్ స్టాన్లీయే. ఖద్దరు కట్టడం, భారతీయ భోజనం నేల మీద కూర్చుని తినడం, అందరూ వంతుల వారీగా ఒంటి పని చేయడం అక్కడి నియమాలు. పాకీ మనిషికి సెలవిచ్చి ఆ పనిని ఆశ్రమవాసులు తాము చేసేవారు. ఆశ్రమం మొదటి రోజున ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలకు నలుగురి ముందు జవాబు చెప్పాలి. ఎందుకు వచ్చావు? ఏం కావాలనుకుంటున్నావు? నిజంగా నీకు అవసరమైనది ఏమిటి?

నేను చాలా ఏళ్ల కిందట ఒక వేసవిలో అక్కడ వారం రోజులు గడిపాను. సింధూర వృక్షాల అడవి, కింద చెరువు, పొద్దున్నే చలి, మన చిత్తూరు ఎండల నుంచి వెళ్లినవాడికి అదే పెద్ద ఊరట. అయితే నాకు బాగా గుర్తుండిపోయింది ఆ పిలుపు. ఊళ్లో నన్ను చిన్నా పెద్దా అందరూ మాస్టారు అనో సార్ అనో పిలిచేవారు, అది లేకుండా నా పేరు విని చాలా ఏళ్లయింది. అక్కడ కళాశాలలో చదువుకునే ఒక కుర్రవాడు బంగాళాదుంపల బుట్ట నా ముందు పెట్టి, బ్రదర్, ఇవి తొక్క తీయండి అన్నాడు. మొదటి రెండు రోజులు ఆ పిలుపు చెవికి గుచ్చుకుంది. మూడో రోజుకు ఆ ప్రశ్నల్లో మూడోదానికి నిజమైన జవాబు చెప్పగలిగాను. మొదటి రోజు నలుగురి ముందు నేను చెప్పినది నిజం కాదని అప్పటికి నాకు తెలిసింది.

సాత్‌తాల్ తరువాతి సంగతులు మీరు చదివిన వ్యాసాల్లో ఎలాగూ ఉంటాయి గనుక త్వరగా చెబుతాను. స్వాతంత్ర్యోద్యమం పట్ల సానుభూతి చూపినందుకు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను మన దేశంలోకి రానివ్వలేదు. అమెరికాలో ఉండిపోయిన ఆ రోజుల్లో జపానుతో యుద్ధం తప్పించాలని తిరిగి, 1941 డిసెంబరు మొదటి వారంలో అధ్యక్షుడు రూజ్వెల్టును కూడా కలిశారు. కొద్ది రోజులకే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. 1948లో గాంధీగారి మీద ఒక పుస్తకం రాశారు. అది ఎవరినీ కదిలించలేదని ఆయన అనుకుంటూ ఉండగా, తాను అహింసా మార్గం పట్టడానికి ఆ పుస్తకం కారణమని మార్టిన్ లూథర్ కింగ్ ఆయనతోనే అన్నారు. 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్య కేంద్రం నెలకొల్పారు. ఒకప్పుడు తన మనసే కూలిపోయిన ఊళ్లో ఇతరుల మనసులకు ఆసుపత్రి పెట్టడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఏటా ఫిబ్రవరిలో కేరళలో పంపా నది ఇసుకలో జరిగే మారమోన్ కన్వెన్షన్‌లో ఆయన చాలా ఏళ్లు ప్రసంగించారు.

మీ వాళ్లకు ఆయనను మచ్చలేని మనిషిగా చూపకండి. ఒక విషయంలో ఆయన దారికి హద్దు ఉందని నాకు అనిపిస్తుంది. తెలుగు నేల మీద సంఘాన్ని కట్టింది టౌన్ హాళ్లలో ప్రసంగాలు విన్న విద్యావంతులు కారు, మాల మాదిగ పల్లెల్లో ఊరికి ఊరుగా కదిలివచ్చిన జనం. మన తాతల కథ అది. ఆ కథను శ్రద్ధగా పరిశోధించినవాడు జోన్స్ గారు కాదు, ఆయన చదివిన ఆస్బరీ కళాశాలలోనే చదివి, లక్నోలో ఆయన తరువాత అదే లాల్ బాగ్ గుడికి పాస్టరైన వాస్కమ్ పికెట్. సామూహికంగా క్రైస్తవంలోకి వచ్చిన సంఘాల మీద పికెట్ చేసిన అధ్యయనం 1933లో వెలువడింది, అందులో తెలుగు ప్రాంతాలు కూడా ఉన్నాయి. ఆ పికెట్ కొన్నేళ్లకు బిషప్‌గా ఎన్నికయ్యారు, ఆ బాధ్యతను ఒప్పుకున్నారు, బాగా నిర్వహించారు. ఒకే బడి, ఒకే గుడి, రెండు వేరు జవాబులు. పదవిని వదులుకున్నవాడు గొప్ప, తీసుకున్నవాడు తక్కువ అని మీ కూడికలో ఎవరైనా అంటే పికెట్ పేరు చెప్పండి.

మరొక సంగతి కూడా జత చేయవచ్చు. జోన్స్ గారు తప్పుకున్న రెండు మూడేళ్లకే ఆ సంఘం జశ్వంత్ రావు చితంబర్ గారిని తొలి భారతీయ బిషప్‌గా ఎన్నుకుంది. 1956లో ఇక్కడి మెథడిస్టు కాన్ఫరెన్సు జోన్స్ గారి అల్లుడు జేమ్స్ మాథ్యూస్‌ను బిషప్‌గా ఎన్నుకుంటే, ఆ స్థానం భారతీయుడికి దక్కాలని ఆయనా వద్దన్నారు. మామ కారణం వేరు, అల్లుడి కారణం వేరు. రెండింటినీ కలిపి త్యాగం అన్న ఒక్క మాటలో చుట్టేయకండి.

ఇక, మన వైపు వాళ్లకు ఈ కథ ఎందుకన్న ప్రశ్న. జోన్స్ గారికి రౌండ్ టేబుల్ సమావేశాలని ఒక పద్ధతి ఉండేది. పది పదిహేనుమంది హిందువులు, ముస్లిములు, ఇతరులు, అయిదారుగురు క్రైస్తవులు ఒకచోట కూర్చుంటారు. వాదన ఉండదు, ఉపన్యాసం ఉండదు. నీ విశ్వాసం నీ రోజువారీ బతుకులో నీకు ఏమిచ్చిందో ఒక్కొక్కరూ చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. ఏడుకొండల కింద బతికే మనకు ఇంతకన్నా పనికివచ్చే పద్ధతి ఏముంటుంది?

తిరుపతిలో పనిచేసే రోజుల్లో, పరీక్షల డ్యూటీ ముగిసిన ఒక సాయంత్రం స్టాఫ్ రూములో మేము ఆరుగురం మిగిలిపోయాం. బయట వాన. మాటల్లో మాటగా నేను ఈ రౌండ్ టేబుల్ సంగతి చెబితే, సరే మనమూ చెప్పుకుందాం అన్నారు. మా తెలుగు పండితులు శ్రీవైష్ణవులు, రోజూ నుదుట నామం లేకుండా కళాశాలకు రారు. కొడుకు పోయిన ఏడాది అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లి, స్వామి ముందు నిలబడి ఏమీ అడగలేకపోయానని, తోసుకుపోయే జనంలో ఆ రెండు క్షణాలు ఊరికే చూసి దిగి వచ్చానని, దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి తెలిసిందని, అది తెలిసినందుకు బతికే ఉన్నాననిపించిందని ఆయన చెప్పారు. ఎవరమూ మాట్లాడలేదు. నా వంతు వచ్చినప్పుడు, చిన్నప్పటి నుంచి గుడిలో వింటున్న ఆరాధన మాటలేవీ నాకు నోటికి రాలేదు. మా అమ్మ చివరి రోజుల్లో ఆమె మంచం పక్కన కూర్చుని కీర్తన చదువుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోతే, ఆమె కళ్లు మూసుకునే మిగతాది పూర్తి చేసిన సంగతి చెప్పాను. ఆ పండితుల వారూ నేనూ ఆ తరువాత పదేళ్లు కలిసి పనిచేశాం. మతం మీద ఒక్కసారి కూడా వాదించుకోలేదు, మతం గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం.

జోన్స్ గారి చివరి రోజులు కూడా మీ ప్రసంగంలో ఉండాలి. 1971 డిసెంబరులో, ఎనభై ఏడేళ్ల వయసులో, ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దగా అయింది, చూపు మందగించింది, నడక పోయింది. అడుగు వేయడం మళ్లీ నేర్చుకున్నారు. చేత్తో రాయలేక, టేపు రికార్డరులో పలికి ఒక పుస్తకం పూర్తి చేశారు. పట్టుబట్టి మన దేశానికి తిరిగి వచ్చారు. 1973 జనవరి 25న బరేలీలో, అమెరికా మెథడిస్టుల పని ఈ దేశంలో మొదలైన ఊళ్లోనే, క్లారా స్వెయిన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన చితాభస్మాన్ని బాల్టిమోర్‌లోని మౌంట్ ఆలివెట్ శ్మశానంలో, ఆస్బరీ వంటి మెథడిస్టు బిషప్పులను ఉంచిన భాగంలోనే పూడ్చారు.

అరగంటలో ఇదంతా పట్టదు. నా సలహా అడిగితే, పుట్టిన తేదీతో మొదలుపెట్టకుండా ఆ మొదటి ప్రసంగం దగ్గర మొదలుపెట్టండి, యవ్వనస్థులకు అది వెంటనే అందుతుంది. అక్కడి నుంచి లక్నోలో ఆ రాత్రికి, ఆ తరువాత 1928కి రండి. వెస్లీ, ఆస్బరీల సంగతి రెండు నిమిషాలు మించనివ్వకండి, మేబెల్ గారిని మరిచిపోకండి. చివర పది నిమిషాలు మీరు మాట్లాడకుండా వాళ్లను అయిదారుగురి చొప్పున గుండ్రంగా కూర్చోబెట్టి ఆ మూడు ప్రశ్నలూ అడగండి. అచ్చు వేయించబోయే కరపత్రం నమూనా కూడా పంపారు గనుక ఒక మాట. అందులో ఆయన పేరు ముందు ‘బిషప్’ అని ఉంది, అది తీసేయించండి. ‘బ్రదర్’ అని పెట్టించండి, ఆయన కోరి పిలిపించుకున్న పేరు అదే.